ప్రధాన కారకములు: విడదీయుట, కూర్చుట



పంట తగ్గినపుడు గాని, తలపెట్టిన పని చెడినపుడు గాని మనము మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: దీనికి ముఖ్యకారణమేమి? ఒకరు విత్తనమందురు. ఒకరు ఎరువందురు. మరియొకరు వాన యందురు. రచ్చబండపై ఈ వాదము తెగదు. ఒక వస్తువును దాని ప్రధాన కారకములుగా విడదీయు పనిని గణితశాస్త్రజ్ఞులు ఒకవైపునను, వ్యవసాయ పరిశోధకులు మరియొకవైపునను చాలకాలము సాగించిరి. తుదకు ఆ రెండు త్రోవలును ఒకచోట కలిసినవి. ఆ సంగతిని నేడు మీకు విన్నవించెదను. గణితమనగానే బెదరవలదు. మీ యింటి చాప, బండిచక్రము, వీధి యరుగు, ఇవి తలచుకొన్న చాలును.

నేలపై పరచిన చాపను చూడుడు. పరచిన చోటనే అది మరల సరిగా అమరునట్లు దానిని నాలుగు విధముల కదల్పవచ్చును. అసలు కదల్పకుండుట యొకటి. తలవైపు కాళ్లవైపునకు వచ్చునట్లు నేలమీదనే త్రిప్పుట రెండవది. నిడుపు అంచును పట్టి బోర్లవేయుట మూడవది. వెడల్పు అంచును పట్టి బోర్లవేయుట నాలుగవది. వీనిలో ఏ రెండింటిని వెంటవెంట చేసినను ఫలితము ఈ నాలుగింటిలో నొకటియే యగును. చేసిన ప్రతిదానిని మరల చక్కదిద్దవచ్చును. ఇట్టి కదలికల కూటమికే గణితమున సమూహమని పేరు.

ఇక ఇరుసుపై నున్న నాలుగాకుల చక్రమును చూడుడు. దానిని పావు చుట్టు, అర చుట్టు, ముప్పావు చుట్టు త్రిప్పవచ్చును, లేక త్రిప్పక ఉంచవచ్చును. ఇదియు నాలుగింటి సమూహమే. కాని భేదము కలదు. చాపకు ఏ కదలికను రెండుమారులు చేసినను యథాస్థితి వచ్చును. చక్రమును పావు చుట్టు చొప్పున రెండుమారులు త్రిప్పినచో అర చుట్టగును గాని మొదటికి రాదు. ఈ భేదమును మనసున నుంచుకొనుడు. దీనితో తరువాత పని యున్నది.

పెద్ద సమూహమును మెట్లు మెట్లుగా విడదీయుదురు. అడుగుమెట్టు ఏమియు కదల్పకుండుట. పైమెట్టు సమూహమంతయును. నడుమ మెట్టుగా నిలువదలచిన చిన్న సమూహమునకు ఒక నియమము కలదు. పెద్ద సమూహములోని ఏ కదలికచేతను ఆ చిన్న సమూహము వేరొకటిగా మారిపోరాదు. ఇట్టి మెట్లను, నడుమ నింకొకటి పట్టనంతవరకు పేర్చినపుడు, ఒక మెట్టునకును దాని పై మెట్టునకును గల అంతరమే ప్రధాన కారకము.

దీనికి నిదర్శనము చెప్పెదను. నలుగురన్నదమ్ములు అరుగుమీద వరుసగా కూర్చుండుటకు 24 విధములు కలవు. వీరిని రెండు జంటలుగా విడదీసి, ప్రతి జంటలోని వారును ఏకకాలమున చోట్లు మార్చుకొనునట్లు చేయుటకు మూడు విధములు కలవు. మార్చుకొనకుండుట యొకటి. వెరసి నాలుగు. ఇది యొక మెట్టు. చోట్ల మార్పిడి సరిసంఖ్యగా జరిగిన 12 విధములు దానిపై మెట్టు. 24 అన్నిటికిని పై మెట్టు. కనుక ఇందలి ప్రధాన కారకములు 4, 3, 2. ఆ నాలుగింటిని మరల రెండు రెండుగా చీల్చరాదా యని మీరడుగవచ్చును. చీల్చరాదు. మూడు జంటకట్టులలో నొకదానిని మనము ఏరుకొన్నచో, అన్నదమ్ముల పేర్లు మార్చినంతనే అది వేరొకటి యగును. ఏ యొక్కదానికిని తక్కినవానికి లేని హక్కు లేదు.

అన్నదమ్ములు ఐదుగురైనచో విధములు 120. అందు నడిమి మెట్టు ఒక్కటియే, అది 60. ఆ అరువది ఎట్లును చీలదు.

చీలని ఆ అరువదియే గణితమున నొక పాత చిక్కును విప్పినది. వర్గసమీకరణమును సాధించు విధమును మన బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే చెప్పెను. మూడవ, నాలుగవ ఘాతముల సమీకరణములకు సాధనలు ఇటలీదేశపు కార్డానో 1545లో అచ్చువేసిన గ్రంథమున వెలువడెను. ఐదవ ఘాతమునకును అట్టి సూత్రము దొరకునని పండితులు రెండు వందల యేండ్లకు పైగా వెదకిరి. అది లేదని నార్వేదేశపు ఏబెల్ 1824లో నిరూపించెను. ఏల లేదో ఫ్రాన్సుదేశపు యువకుడు గాల్వా చూపెను. ఆయన ఇరువదియేండ్ల ప్రాయమున, 1832లో, ద్వంద్వయుద్ధమున గాయపడి మరణించెను. ఆయన ముఖ్యమైన వ్రాతలు 1846లో గాని అచ్చుపడలేదు. వాని సారమిది: మూలములు తీయుటచేతనే సమీకరణము తీరవలెనన్నచో, దాని సమూహముయొక్క ప్రతి ప్రధాన కారకమునందును కదలికల వరుస మార్చినను ఫలితము మారకుండవలెను. 4, 3, 2లకు ఆ గుణము కలదు. 60కి లేదు.

మెట్లను ఒకరొకరీతిని పేర్చినచో కారకములు వేరువేరుగా వచ్చునేమోయను సందేహము కలుగవచ్చును. రావు. ఇట్లు విడదీసినపుడు వచ్చు సంఖ్యలు ఏ త్రోవను పోయినను మారవని జోర్డాన్ 1870 ప్రాంతమున చూపెను. సంఖ్యలే కాదు, కారకముల స్వభావమును మారదని హోల్డర్ 1889లో స్థాపించెను. కావున కారకములు మన యిష్టముచే కల్పించినవి కావు. అవి వస్తువులోనే యున్నవి.

అయినచో కారకములు తెలిసినంతమాత్రమున వస్తువు తెలిసినట్లేనా? ఇచ్చటనే మన చాపయు చక్రమును సాక్ష్యము చెప్పవలెను. రెండింటిని విడదీసినను వచ్చునవి రెండు రెండ్లే. కాని చాప చాపయే, చక్రము చక్రమే. భాగములు సమానము, కూర్పు వేరు. ఎనిమిదింటి సమూహములను విడదీసిన ఎల్లప్పుడును మూడు రెండ్లే వచ్చును. అయినను అట్టి సమూహములు ఐదు రకములు. పదునారింటివి 14 రకములు. 1024 అనగా రెండును పదిమారులు హెచ్చించినది. అన్ని కదలికలు గల సమూహములకు ప్రధాన కారకములు సరిగా పది రెండ్లు, అంతకుమించి యేమియు లేదు. అయినను వాని రకములు 4,900 కోట్లకు మించియున్నవని లెక్క తేలినది. పది ఇటుకలతో అన్ని యిండ్లు!

ఇప్పుడు పొలమునకు వత్తము. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున 1843 మొదలు గోధుమచేలపై ఎరువుల పరీక్షలు జరుగుచున్నవి. అచ్చటికి 1919లో రొనాల్డ్ ఫిషర్ అను గణాంకశాస్త్రజ్ఞుడు వచ్చి చేరెను. ఒక్కమారు ఒక్క కారకమునే మార్చి చూడవలెననునది నాటి పరిశోధకుల నియమము. ఆయన 1926లో దానిని ఖండించి, అనేక కారకములను ఏకకాలమున మార్చి చూడవలెననెను.

దాని మర్మము తెలియుటకై కొన్ని అంకెలను ఊహించుకొందము. మెట్టజొన్నకు నాలుగు సమానమైన మళ్లు. ఎరువును తడియు లేని మడిలో నాలుగు బస్తాలు. ఎరువు మాత్రమే వేసినదానిలోను నాలుగే. తడి మాత్రమే పెట్టినదానిలో ఆరు. రెండును కలిసినదానిలో పది. ఒక్కొక్కటి చొప్పున పరీక్షించిన రైతు ఎరువు దండుగ యని చెప్పి మానివేయును. కాని తడి యున్నచోట ఆ యెరువే నాలుగు బస్తాలు హెచ్చించినది. ఆ నాలుగు బస్తాలు ఎరువువా, తడివా? రెండింటివియును కావు. అవి వాని కలయికవి. ముఖ్యకారణమేదియను రచ్చబండ వాదము తెగకపోవుటకు హేతువు తరచుగా నిదియే.

ఈ పొలమునకును చాపకును చుట్టరికము కలదు. ఎరువు విషయము మార్చుట, తడి విషయము మార్చుట, రెండును మార్చుట, ఏమియు మార్చకుండుట, ఇవి నాలుగు. దేనిని రెండుమారులు చేసినను మొదటికే వత్తుము. ఇది అచ్చముగా చాప సమూహమే. ఈ చుట్టరికమును ఫిషర్ 1942లో ఒక వ్యాసమున సమూహశాస్త్రముతో ముడివేసి చూపెను. దాని ప్రయోజనము చూడుడు. విత్తనమును చేర్చినచో కారకములు మూడు, మళ్లు ఎనిమిది. మన నేలలో సగము మంచిది, సగము చవుడు. ఒక సగమున ఇవి యుంచుడు: ఏమియు లేనిది, ఎరువు తడి గలది, ఎరువు మేలువిత్తనము గలది, తడి మేలువిత్తనము గలది. తక్కిన నాలుగింటిని రెండవ సగమున నుంచుడు. అప్పుడు ప్రతి కారకమును ప్రతి సగమునందు రెండు మళ్లలో నుండును, రెండింటిలో నుండదు. చవుటి దోషము ఏ యొక్కదానిపైనను పడదు. ఏ రెండింటి కలయికపైనను పడదు. మూడును కలిసిన విశేషము మాత్రమే నేలభేదములో మునిగిపోవును. మొదటి సగమున మనమేరిన నాలుగును మరల చాపవంటి సమూహమే యగుట గమనింపుడు.

ఈ శాస్త్రమున మనవారి పాలు తక్కువది కాదు. రాజచంద్ర బోసు, కిషన్ గార్లు 1940లోనే దీనిపై వ్రాసిరి. 1920లో హూవినహడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు 1947లో ఒక పద్ధతి ప్రకటించిరి. కొద్ది మళ్లతోనే అనేక కారకములను న్యాయముగా పరీక్షించుటకు తగిన పట్టికలు అందు కలవు. ఆ పట్టికలు పిమ్మట కర్మాగారములలో సరకుల నాణ్యము నిలుపుటకును ఉపయోగపడినవి. రావుగారు 2023లో దివంగతులైరి.

పెద్దలారా, తీర్పు చెప్పువారు మీరు. ఎరువునకు అప్పు చేయవలెనా, చెరువు పూడిక తీయవలెనా యని ఊరివారు మిమ్మే యడుగుదురు. విడదీయుట సగము పని మాత్రమేయని నా మనవి. ఏది ప్రధానమని యడిగిన వెంటనే, ఏది దేనితో కూడినపుడు అని కూడ అడుగుడు. వీలైనచో మొదట కొన్ని చిన్న మళ్లలో పరీక్షింపుడు. ఏ మడికేది యని మనకు తోచినట్లు గాక చీట్లు వేసి నిర్ణయింపుడు. ఒక్క మారుతో తృప్తిపడక మరల చేసి చూడుడు. ఆ కొలది మళ్ల శ్రమ ఊరి ధనమును, నీటిని దండుగ కాకుండ కాపాడగలదు.