పగిలిన పచ్చళ్ల పార్సెల్ డబ్బు ఎలా రాబట్టాం



కోర్టు అంటే మనకు భయం. లాయరు ఫీజు, బస్సు చార్జీలు కలిస్తే పోయిన సొమ్ముకన్నా ఎక్కువవుతుందని మా సంఘంలోనూ అన్నారు. లాయరు లేకుండా, కోర్టు ఫీజు కట్టకుండా మేం ఎలా అడిగామో చెప్తాను.

విజయవాడలో డ్వాక్రా బజారుకని పన్నెండు పెట్టెల ఆవకాయ, మాగాయ ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుక్ చేశాం. రెండో రోజు చేరాల్సిన సరుకు తొమ్మిదో రోజుకు చేరింది. అప్పటికి బజారు ఎత్తేశారు. ఏడు పెట్టెల్లో సీసాలు పగిలి నూనె కారిపోయింది. మిగతావి ఊళ్లో చవగ్గా అమ్మాం. సరుకు నష్టమే 31,000 రూపాయలు. అది బ్యాంకు లింకేజీ అప్పు డబ్బు. సరుకు పోయిందని కిస్తీ ఆగదు గదా. ఆఫీసు వాళ్లేమో రసీదు వెనక సన్న అక్షరాలు చూపించి "ఓనర్ రిస్క్ అమ్మా" అన్నారు.

ఆ మాట విని వెనక్కి రాకండి. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు అక్కడ సాయం ఉచితం, ఆదాయం ఎంతని చూడరు. సరుకు రవాణా తగాదా శాశ్వత లోక్ అదాలత్‌లో వేయొచ్చని వాళ్లే చెప్పారు. కరెంటు, ఫోను, ఇన్సూరెన్సు, ఆసుపత్రి తగాదాలు కూడా అక్కడికే వెళ్తాయి. ముందు రాజీ చూస్తారు. కుదరకపోతే వాళ్లే తీర్పు ఇస్తారు. దానికి సివిల్ కోర్టు డిక్రీ అంత బలం ఉంది. కాకపోతే అప్పీలు ఉండదు, అక్కడ వేశాక అదే తగాదాతో వేరే కోర్టుకు పోలేం. అది తెలుసుకునే సంతకం పెట్టాలి.

వినియోగదారుల కమిషన్‌కు ఎందుకు పోలేదని కొందరు అడిగారు. వ్యాపారం కోసం బుక్ చేశారు, మీరు వినియోగదారులే కాదని అవతలివాళ్లు వాదన పెడతారు. ఆ వాదన తేలేసరికే నెలలు పోతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం, కేసు వేసే ముందు, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఫోన్లో ఎన్నిసార్లు తిట్టినా అది నోటీసు కాదు. మేం అక్నాలెడ్జ్‌మెంటుతో రిజిస్టర్ పోస్టులో పంపాం.

మాకు బాగా పనికొచ్చింది రసీదే. గుమాస్తా విసుక్కున్నా, ఎక్కువ చార్జీ అడిగినా, మా రెండో లీడరు కట్టి సరుకు విలువ దానిమీద రాయించింది. విలువ రాయించకపోతే వాళ్లు ఇవ్వాల్సింది కొద్ది మొత్తమే. తీర్మానాల పుస్తకం, మామిడికాయల బిల్లులు, పెట్టెల ఫోటోలు కూడా చూపించాం.

అవతలివాళ్లు మొదట 12,000 అన్నారు. మూడో వాయిదాకు సరుకు డబ్బు మొత్తం ఇస్తామన్నారు, బజారులో పోయిన లాభం 15,000 మాత్రం ఇవ్వమన్నారు. ఆ రాత్రి సంఘంలో పెద్ద గొడవే అయింది. వదలొద్దని ముగ్గురు, కిస్తీ ముఖ్యమని మిగతావాళ్లు. చివరికి 31,000కు ఒప్పుకున్నాం. ఆ లాభం కూడా మనకు రావాల్సిందేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మేం పంపిన నోటీసు కాపీ సమాఖ్య ఆఫీసులో ఇచ్చాను. కావలసినవాళ్లు జిరాక్సు తీసుకోండి.