పక్కింటి పొగ, మనింటి కిటికీ: పెరట్లో కట్టెల మంట గురించి

ఈ ఎపిసోడ్ చెయ్యడానికి కారణం రెండు మెసేజ్‌లు. మొదటిది ఇది: "అన్నా, మా పక్కింటోళ్లు రోజూ పొద్దున్నే పెరట్లో కట్టెలతో నీళ్లు కాస్తారు. పొగంతా మా కిటికీలోంచి లోపలికొస్తుంది. మా చెల్లికి ఆస్తమా. ఏం చెయ్యాలి?" రెండోది: "అన్నా, మా నాన్నమ్మ 40 ఏళ్లుగా కట్టెల బాయిలర్ మీదే నీళ్లు కాస్తుంది. కొత్తగా వచ్చిన పక్కింటాయన రోజూ గొడవ. ఇద్దరికీ ఎలా చెప్పాలి?"

ఇద్దరూ వేర్వేరు ఊళ్లవాళ్లు. కానీ ఇద్దరిదీ ఒకటే సమస్య, గోడకి అటొకళ్లు ఇటొకళ్లు ఉన్నారంతే. అందుకే ఇవాళ ఇద్దరికీ కలిపి జవాబు చెప్తాను.

ముందు అసలు పొగ ఎందుకొస్తుందో చూద్దాం. కట్టె కాలితే పొగ రావడం సహజం అని మనం అనుకుంటాం. నిజానికి పొగ అంటే సరిగ్గా కాలని కట్టె. వేడికి కట్టెలోంచి ముందు వాయువులు బయటికొస్తాయి. మంట బాగా వేడిగా ఉండి గాలి సరిపడా అందితే ఆ వాయువులు కూడా మండిపోతాయి. వేడి చాలకపోయినా, గాలి అందకపోయినా అవే పొగగా పైకి లేస్తాయి. అంటే పొగ ఎక్కువగా వస్తోందంటే, మీరు డబ్బులిచ్చి కొన్న కట్టెలో కొంత గాల్లోకి పోతోందని అర్థం. నాన్నమ్మకి ఈ మాట చెప్పండి. ఆరోగ్యం గురించి చెప్తే వినకపోవచ్చు గానీ, కట్టె వృథా అవుతోందంటే తప్పకుండా వింటుంది.

ఇంక పొగలో ఏముంటుందంటే, అన్నిటికన్నా ప్రమాదం పీఎం 2.5. అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు. మన వెంట్రుక మందంలో ఇది దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్తుంది. 24 గంటల సగటు ఘనపు మీటరు గాలికి 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 60. అదే సంస్థ లెక్క ప్రకారం 2020లో ఇళ్లలో వాడే పొగ పొయ్యిల వల్ల ప్రపంచమంతా కలిపి 32 లక్షల మంది చనిపోయారు. "మా అమ్మమ్మ పొగలోనే బతికింది, ఏం కాలేదు" అనే వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఆ అమ్మమ్మల దగ్గు మనకి గుర్తుంది, దానికి కారణం మాత్రం ఎవరూ అడగలేదు.

చలికాలంలోనే ఈ గొడవలు ఎక్కువ ఎందుకు? మామూలు రోజుల్లో నేల దగ్గర వేడి గాలి పైకి లేస్తూ పొగని తీసుకుపోతుంది. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున నేల చల్లబడి, కింద చల్లగాలి, పైన దానికన్నా వెచ్చని గాలి ఉంటాయి. అది మూత పెట్టినట్టు పనిచేస్తుంది. పొగ పైకి పోలేక వీధిలోనే పరుచుకుంటుంది. సరిగ్గా మనం వేన్నీళ్ల కోసం మంట పెట్టే టైమ్ కూడా అదే. ఎండ బాగా ఎక్కాక ఆ మూత తొలగిపోతుంది. అందుకే అదే మంట ఆరింటికి కాకుండా తొమ్మిదింటికి పెడితే పక్కింటికి వెళ్లే పొగ చాలా తగ్గుతుంది. ఆఫీసులకి, కాలేజీలకి వెళ్లేవాళ్లకి ఇది కుదరదు, నాకు తెలుసు. కుదిరే ఇంట్లో మాత్రం పైసా ఖర్చు లేని మార్పు ఇదే.

ఇప్పుడు మంట సంగతి. నాలుగు విషయాలు చెప్తాను.

ఒకటి, కట్టె ఎండాలి. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉంటాయి. కిలో పచ్చి కట్టెలో అర లీటరు నీళ్లనుకోండి. ఆ అర లీటరు ఆవిరవ్వడానికి పట్టే వేడితో 12 లీటర్ల నీళ్లని 25 డిగ్రీల మేర వేడి చెయ్యొచ్చు. చిన్న బకెట్ వేన్నీళ్లు అలా ఆవిరి కింద పోయినట్టే. తుమ్మైనా సర్వీ అయినా చీల్చి, నేలకి తగలకుండా ఇటుకల మీద పేర్చి, పైన మాత్రమే రేకు కప్పి, పక్కల గాలి ఆడేలా నెలల తరబడి వదిలెయ్యాలి. ఎండిందో లేదో తెలియాలంటే రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టండి. ఠంగుమంటే ఎండినట్టు, డబ్బుమంటే ఇంకా పచ్చిదే. చివర్లలో పగుళ్లు వచ్చినా ఎండినట్టే.

రెండు, గాలి. పొయ్యి నిండా కట్టెలు కుక్కకండి. కింద బూడిద తీసేసి, ముక్కల మధ్య సందు ఉంచండి. బాయిలర్ అయితే మధ్య గొట్టంలో పేరుకున్న మసిని అప్పుడప్పుడు దులపండి. గొట్టం పూడుకుపోతే పొగ వెనక్కి తంతుంది.

మూడు, అంటించే పద్ధతి. మనం సాధారణంగా కింద చితుకులు వేసి, పైన పెద్ద కట్టెలు పెడతాం. దీన్ని తిరగెయ్యండి. బయట పెట్టే మంటకి పెద్ద కట్టెలు కింద, సన్నవి పైన, చితుకులు అన్నిటికన్నా పైన పెట్టి అక్కడ అంటించండి. మంట మెల్లగా కిందికి దిగుతుంది. కింది కట్టెల్లోంచి వచ్చే వాయువులు పైనున్న మంటలోంచే వెళ్లాలి కాబట్టి అవీ మండిపోతాయి. మొదటి పది నిమిషాల పొగలో తేడా మీకే కనిపిస్తుంది.

నాలుగు, ఏం వెయ్యకూడదు. ప్లాస్టిక్ కవర్లు, టైర్లు, రంగేసిన చెక్క, ప్లైవుడ్, పాత వైర్లు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వస్తాయి. భోగి మంటలో పాత సామాను వేసేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. పొగ రంగు చూసినా కొంత తెలుస్తుంది. చిక్కటి తెల్ల పొగ అంటే తడి కట్టె, నల్ల పొగ అంటే చాలావరకు ప్లాస్టిక్కో రబ్బరో. పొగ కంటికి కనిపించీ కనిపించనట్టు ఉంటే మంట బాగున్నట్టు. అలాగని అందులో ఏమీ లేదని కాదు, తగ్గిందని మాత్రమే.

ఎండుటాకుల గురించి వేరే చెప్పాలి. ఊడ్చి ఓ మూల కుప్ప పోసి అంటించేస్తారు చూడండి, అది మంట కాదు, గంటల తరబడి రగిలే పొగ. ఆకుల్ని తొట్టిలో వేసి, కాస్త తడిపి, పేడ నీళ్లో పుల్లమజ్జిగో చల్లి, వారానికోసారి కలిపితే కొన్ని నెలల్లో ఎరువవుతుంది. దోమల కోసం వేపాకు పొగ వేసేవాళ్లూ ఉన్నారు. పొగకి దోమ కాసేపు పోతుంది గానీ, ఆ పొగ పీల్చేది మనమే. దోమతెర మేలు.

ఇక చట్టం. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెత్త తగలబెట్టడాన్ని నిషేధించాయి. అదే ఏడాది డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు కట్టాలని ఆదేశించింది. ఆకులు, ప్లాస్టిక్ కాలుస్తుంటే ఫొటో తీసి మున్సిపాలిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. కానీ ఒక తేడా గమనించండి. ఇవన్నీ చెత్త గురించి. నీళ్లు కాచుకోవడానికి వాడే కట్టె చెత్త కాదు, ఇంధనం. ఆ గొడవని ఫిర్యాదుతో తేల్చడం కష్టం. మాటతోనే తేలాలి.

ఆ మాట ఎలా మొదలుపెట్టాలి? పొగ వస్తున్నప్పుడు, కోపంగా, గోడ మీంచి మాత్రం వద్దు. సాయంత్రం వెళ్లండి. "పిన్నిగారూ, మా చెల్లికి ఆయాసం అండీ, పొద్దున పొగకి ఎక్కువవుతోంది. పొయ్యి కాస్త అవతలి గోడవైపు జరపగలరా?" అనండి. "మానెయ్యండి" అంటే గొడవ. ఒక చిన్న పని అడిగితే చేసేవాళ్లే ఎక్కువ. పొయ్యి చోటు, టైమ్, ఎండు కట్టె, ఈ మూడింట్లో ఒక్కటి మారినా మీకు ఊరటే.

ఇంకో మాట, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ల కోసం. సెల్లార్ వెనక కట్టెల పొయ్యి మీద వండుకునేది చాలాచోట్ల వాచ్‌మెన్ కుటుంబమే. వాట్సాప్ గ్రూపులో "పొగ ఆపించండి" అని పెట్టడం తేలిక. ఆ పొగ మూడో అంతస్తులో మీకు అరగంట వస్తుంది, ఆమెకి మాత్రం రెండు పూటలా మొహం మీదే. అడ్రస్ ప్రూఫ్ లేక గ్యాస్ కనెక్షన్ తీసుకోలేని కుటుంబాలున్నాయి. అలాంటివాళ్ల కోసమే అడ్రస్ ప్రూఫ్ అడక్కుండా, గుర్తింపు కార్డు చూపిస్తే ఇచ్చే 5 కిలోల చిన్న సిలిండర్ ఉంది. అసోసియేషన్ మెయింటెనెన్స్‌లోంచి స్టవ్, మొదటి సిలిండర్ కొనిచ్చి, రీఫిల్‌లో సగం భరిస్తే ఒక్కో ఫ్లాట్‌కి పడేది చాలా తక్కువ. పొగ ఆపమని అడిగే ముందు ఆ లెక్క వెయ్యండి.

చివరిగా, పొగ వచ్చే ఇంట్లో ఉన్నవాళ్లకి. ఆ గంటసేపు అటువైపు కిటికీలు మూసి, పొగ పోయాక తెరవండి. మొహానికి కర్చీఫ్ కట్టుకుంటే ఈ రేణువులు ఆగవు, ఎన్95 మాస్కు కావాలి. ఆస్తమా ఉన్నవాళ్ల ఇన్‌హేలర్ చేతికందేలా ఉంచండి. ఫోన్‌లో సమీర్ యాప్ పెట్టుకుంటే మీ దగ్గర్లోని కేంద్రంలో గాలి ఎలా ఉందో తెలుస్తుంది. ఒక్కటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు: చలేస్తోందని నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులేసి పడుకోవడం. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

మీ వీధిలో ఈ గొడవ ఎలా తేలిందో కామెంట్స్‌లో రాయండి. తేలకపోతే అదీ రాయండి, మిగతావాళ్లు సలహా ఇస్తారు. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.