పోయి వచ్చెదనన్న మాట



మన తెలుగువారి యిండ్లలో గడప దాటువాడు "పోయెదను" అనడు, "పోయి వచ్చెదను" అనును. సాగనంపు పెద్దలును "పొమ్ము" అనరు, "పోయి రమ్ము" అందురు. వట్టి "పొమ్ము" అను మాట అశుభమని మన పూర్వులు తలచిరి. పోవుట యెంతయో మరలి వచ్చుటయు అంతయే ప్రయాణమని యీ చిన్న మాటకు భావము. అయినను మనము పోవుటకు చేసికొను సిద్ధములో నాలవవంతైనను వచ్చుటకు చేసికొనము. టికెట్టు చూచుకొందుము, కాగితములు సర్దుకొందుము, చుట్టములకు ఆవకాయ జాడీ మూతికి గుడ్డ కట్టుకొందుము. పట్టణములో ఉన్నట్లుండి రైళ్లును బస్సులును నిలిచిపోయినచో ఏ దారిని ఇల్లు చేరుదుమను ఆలోచన మాత్రము చేయము. అట్టి ఆపత్కాలమున పట్టణము నుండి క్షేమముగా ఇల్లు చేరుటకు ముందుగా చేసికొనవలసిన సిద్ధమును గూర్చి నేడు మీతో ముచ్చటించెదను.

నేను నివసించునది సికింద్రాబాదు. 1874లో వెలసిన యిచ్చటి రైల్వే స్టేషను పల్లెలనుండి వచ్చువారికి నగరపు వాకిలి వంటిది. గాంధీ ఆసుపత్రికి రోగిని తెచ్చువారు, పరీక్షలు వ్రాయ వచ్చు పిల్లలు, కూలికి వచ్చువారు, కొలువులకు వచ్చువారు, అందఱును ఈ వాకిటనే దిగుదురు. వచ్చిన బండియే తిరిగి తీసికొనిపోవునను నమ్మిక వారిది. ఆ నమ్మిక నూటికి తొంబదితొమ్మిది పర్యాయములు నిజమగును. తక్కిన ఆ యొక్క పర్యాయమును గూర్చియే మన ప్రసంగము. ఈ జంటనగరములలో వాకిలి మూసికొనిన దినములు మూడింటిని చెప్పెదను. వానిలో నొకటి గడియల ఆపద, ఒకటి దినపు ఆపద, ఒకటి వారముల ఆపద. మూటికిని మందు వేఱువేఱు.

మొదటిది 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీ నాటిది. ఆ దినమున మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తెను. అఫ్జలు వంతెన, ముసల్లంజంగు వంతెన, చాదరుఘాటు వంతెన మూడును దెబ్బతిని రాకపోకలకు పనికిరాక పోయినవి. నదికి ఆవలి యొడ్డును ఈవలి యొడ్డును కలిపిన దారి పురానాపూలు ఒక్కటే మిగిలెను. పదునైదు వేలమంది వఱకు ప్రాణములు కోల్పోయిరని అంచనా. ఆనాడు అఫ్జలుగంజులో ఒక చింతచెట్టు నాశ్రయించి నూటయేబదిమంది వఱకు బ్రదికి బయటపడిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి యావరణలో నున్న ఆ చెట్టును ఇప్పటికిని చూపుదురు.

ఈ వృత్తాంతమునందు మనకు రెండు పాఠములు కలవు. నిత్యము నడచు దారియే ఆపద వేళ ముందుగా తెగవచ్చుననుట మొదటిది. గడియలలో తీరిపోవు ఆపదకు ఇల్లు మందు కాదు, ఎత్తు మందు అనుట రెండవది. ఆ రాత్రి చింతకొమ్మ నంటిపెట్టుకొనిన వారికి ఇల్లు ఏ దిక్కున నున్నదను ప్రశ్న లేదు. తెల్లవాఱువఱకు నిలిచియుండుటయే వారి ప్రయాణము. వానకాలమున నగరవీధులలో వఱద పాఱునప్పుడు నేటికిని ఇదియే సూత్రము. ఆఱంగుళముల లోతున వడిగా పాఱు నీరు మనిషి కాళ్లను తప్పింపగలదు. రెండడుగుల లోతైనచో కారును సైతము తేల్చుకొని పోగలదు. మురుగుకాలువల మూతలు తెఱచియున్నవో మూసియున్నవో ఆ నీటిలో కనబడదు. "ఈ కాస్త దాటినచో ఇల్లే" యని నీట దిగరాదు. మేడ యెక్కి కూర్చుండవలెను.

రెండవది దినపు ఆపద. 2022వ సంవత్సరము జూన్ 17వ తేదీ ఉదయమున, సైన్యములో చేర్చుకొనుటకై కొత్తగా ప్రకటింపబడిన అగ్నిపథ్ పథకము నెదిరించు యువకులు సికింద్రాబాదు స్టేషనులోనికి చొచ్చి రైలుపెట్టెలకు నిప్పు పెట్టిరి. పోలీసుల కాల్పులలో ఒక యువకుడు మరణించెను. పలువురు గాయపడిరి. రైళ్లు కొన్ని రద్దయినవి, కొన్ని దారి మళ్లింపబడినవి. ఎం.ఎం.టి.ఎస్. బండ్లు నిలిచిపోయినవి. మెట్రో రైలును నగరమంతటను సాయంకాలము వఱకు ఆపివేసిరి. రాత్రికి స్టేషనులో బండ్లు మరల కదలినవి.

అనగా ఆనాటి ప్రయాణికునకు కావలసినది ఒక దినపు ఓపిక, ఒక దినమునకు సరిపడు అన్నము నీళ్లు, గుంపునకు దూరముగా ఒక నీడ. గుంపును చూచుటకు నిలిచినవాడును గుంపులోని వాడే యగును. అందుచేత పొగ కనబడినను, అఱపులు వినబడినను, కారణము విచారింపక అడ్డవీధిలోనికి తొలగిపోవలెను. ఏమి జరిగెనో సాయంకాలము తెలిసికొనవచ్చును.

మూడవది వారముల ఆపద. 2020వ సంవత్సరము మార్చి 22వ తేదీన జనతా కర్ఫ్యూ జరిగెను. ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయినవి. 24వ తేదీ రాత్రి దేశమంతటను లాక్‌డౌన్ ప్రకటింపబడెను. నగరములోని వసతిగృహములు మూతపడునని విని వేలకొలది యువతీయువకులు పోలీసు ఠాణాల యెదుట వరుసలు కట్టి అనుమతిపత్రములు పుచ్చుకొని స్వగ్రామములకు బయలుదేరిరి. వారిలో అనేకులు ఆంధ్రప్రదేశ్ సరిహద్దున గరికపాడు వద్ద నిలిపివేయబడిరి. చేతనున్న పత్రము ఈవల చెల్లెను, ఆవల చెల్లలేదు. వసతిగృహముల నుండి ఎవరిని వెడలగొట్టరాదని తెలంగాణ ప్రభుత్వము పిమ్మట చెప్పవలసివచ్చెను. వలసకూలీలకై దేశములో మొదటి ప్రత్యేక రైలు మే 1వ తేదీ తెల్లవాఱుజామున సుమారు 1,200 మందితో ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరెను. అది కదలినది సికింద్రాబాదు నుండి కాదు, లింగంపల్లి నుండి.

ఇట్టి దీర్ఘమైన ఆపదకు మందు నెలవు. తిండియు నీడయు కలచోటు విడిచి బాట పట్టుటకు ముందు రెండు కొనలను విచారింపవలెను. ఇచ్చట విడిచిపెట్టుదురా, అచ్చట చేరనిత్తురా? ఒక కొన మాత్రమే తెఱచియున్న దారి దారి కాదు, బోను.

పంచతంత్రములోని మూడు చేపల కథ మీరెఱుగుదురు. చెఱువునకు జాలరులు రాకముందే తొలగిపోయినది అనాగతవిధాత. వల పడిన పిమ్మట చచ్చినట్లు నటించి తప్పించుకొనినది ప్రత్యుత్పన్నమతి. కానున్నది కాకమానదని కదలకుండినది యద్భవిష్యము. నేను పాఠశాలలో ఈ కథ చెప్పునప్పుడు పిల్లలందఱును రెండవ చేపనే మెచ్చుకొనెడివారు. దాని యుపాయము చూడ ముచ్చటగా నుండును గదా! కాని అట్టి సమయస్ఫూర్తి అందఱకును, అన్ని వేళలను కలుగదు. భయము పట్టినపుడు తెలిసిన ఫోను సంఖ్యయు మఱపునకు వచ్చును. మొదటి చేప పని అట్టిది కాదు. దానిని ఎవరైనను తీరికగా ఇంట కూర్చుండి చేయవచ్చును. ఆ పనిని నాలుగు భాగములుగా చెప్పెదను.

మొదటిది రెండవ దారి. ఊరు విడుచుటకు ముందే తిరిగివచ్చుటకు రెండు దారులు తెలిసియుండవలెను. జనగామ ప్రక్క పల్లెవాడు ఒకడు సికింద్రాబాదు వచ్చెననుకొందము. అతడు ఎఱిగిన దారి కాజీపేట వైపు పోవు రైలు. స్టేషను మూతపడినచో ఉప్పల్ కూడలి చేరి వరంగల్లు బస్సు ఎక్కవచ్చును. ఆ రోడ్డు ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు మీదుగా ఇంచుమించు రైలుదారి ప్రక్కనే జనగామకు పోవును. కరీంనగర్, సిద్దిపేట వైపు వారికి జూబిలీ బస్టాండు కలదు. అది స్టేషనునకు కోసెడు దూరములోనే యున్నది. నల్లగొండ, సూర్యాపేట, విజయవాడ వైపు వారికి ఎల్.బి.నగర్, మహబూబ్‌నగర్, కర్నూలు వైపు వారికి ఆరాంఘర్ కూడలి. రైలుకైనను సికింద్రాబాదు ఒక్కటే కాదు, కాచిగూడ, నాంపల్లి, లింగంపల్లి కలవు. చర్లపల్లి కొత్త టెర్మినలు 2025 జనవరిలో ప్రారంభమయ్యెను. ఆరోగ్యవంతుడు గంటకు నాలుగు కిలోమీటరులు నడువగలడు. స్టేషను నుండి ఉప్పల్ కూడలి ఎనిమిది తొమ్మిది కిలోమీటరులు. వాహనము దొరకకున్నను పగటివేళ రెండున్నర గంటల నడక. ముసలివారు, రోగులు, చంటిబిడ్డల తల్లులు వెంట నున్నచో ఆ లెక్క పనికిరాదు. వారికి నడక కాక నెలవు వెదుకవలెను.

రెండవది ఒంటిమీది సామగ్రి. సంచి పోవచ్చును, చేతి ఫోనులో ఛార్జింగు తీరిపోవచ్చును. కావున ముఖ్యమైనవి శరీరమును విడువరాదు. ఒక కాగితముపై తన పేరు, ఊరు, మండలము, ఇంటివారి ఫోను సంఖ్యలు, తనకున్న వ్యాధి, వాడు మందు, వ్రాసి చొక్కా లోపలి జేబులోనో రవికె మడతలోనో ఉంచుకొనవలెను. తడియకుండ చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టవలెను. ఫోను ద్వారా సొమ్ము చెల్లించు అలవాటు నేడు పల్లెలకును వచ్చినది. మంచిదే. కాని కరెంటో ఇంటర్‌నెట్టో లేనినాడు ఆ సొమ్ము ఉండియు లేనట్లే. రెండు దినముల ఖర్చునకు చాలినంత పైకము పదులు, ఏబదులు, నూఱులుగా దగ్గఱ నుంచుకొనవలెను. సీసాతో నీళ్లు, గుప్పెడు వేయించిన సెనగలు, బెల్లపు ముక్క, నడకకు పనికివచ్చు చెప్పులు ఉండవలెను. చక్కెరవ్యాధి, రక్తపుపోటు కలవారు ఒక పూటకు పోయివచ్చు పనియైనను మూడు దినముల మందు వెంట తీసికొనవలెను.

మూడవది మాటకట్టు. ఆపద వేళ నగరములో అందఱును ఒక్కమాఱే ఫోనులు చేయుదురు కావున మాట కలియదు. మాట కలియనపుడును చిన్న సందేశము చేరవచ్చును. "క్షేమము, ఫలాని చోట నున్నాను, రేపు ఉదయము వఱకు కదలను" అను మూడు ముక్కలు చాలును. నగరమునకు వెలుపల నున్న ఒక బంధువును ముందుగానే ఏర్పఱచుకొని, పోయినవాడును ఇంటివారును ఇరువురును ఆతనికే వార్త తెలుపవలెను. అప్పుడు ఒకరినొకరు వెదకుకొను బాధ తప్పును. రైళ్ల సంగతి తెలిసికొనుటకు 139, ప్రాణాపాయ సమయమున 112, అంబులెన్సునకు 108. ఈ మూడు సంఖ్యలును ఆ కాగితముపైననే వ్రాయవలెను. ఫోనులో ఎవడో పంపిన బొమ్మను, పుకారును నమ్మి దారి మార్చుకొనరాదు.

నాలవది నిలుచు చోటు. నగరములో దిగుటకు ముందే, రాత్రి గడుపవలసివచ్చిన ఎవరి యింటికి పోవలెనో తెలిసియుండవలెను. చుట్టము, ఊరివాడు, సత్రము, గుడి, ఏదైనను సరే. ఆ యింటివారికి ముందుగా ఒక మాట చెప్పియుంచుట మర్యాదయు, క్షేమమును. ఆ చోటు స్టేషను నుండి నడచి పోగలిగినంత దూరములో నుండుట మేలు.

పెద్దలారా, ఇంతవఱకు చెప్పినది పోవువారి పని. మీ పనిని గూర్చి ఇప్పుడు చెప్పెదను. నా మనస్సులోని ముఖ్యమైన మాట ఇదియే. పట్టణములో అలజడి పుట్టినదని వినగానే పల్లెనుండి మనము చేయు మొదటి పని యేమి? ఫోను తీసి, "ఎట్లయినను ఇప్పుడే బయలుదేరి రమ్ము" అందుము. అది ప్రేమతో పలికిన మాటయే. కాని పెద్దల మాట పిల్లలకు ఆజ్ఞ. క్షేమముగా మేడమీద నున్న బిడ్డను ఆ మాట వఱదలోనికి దింపును. గదిలో నున్న విద్యార్థిని అది సరిహద్దునకు తఱుమును. మన కంటికి బిడ్డ కనబడవలెనను ఆరాటము మనది. దాని మూల్యము చెల్లించువాడు బిడ్డ.

యోగక్షేమములని మనము కలిపి పలుకుదుము. లేనిదానిని పొందుట యోగము, ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము అని శాస్త్రజ్ఞులు విడదీసి చెప్పుదురు. ఇంటికి చేరుట యోగము. ఉన్నచోట బ్రదికియుండుట క్షేమము. రెండును ఒక్కమాఱు దొరకనినాడు క్షేమమునే ముందు కోరవలెను. క్షేమముండిన యోగము రేపైనను కలుగును.

కాబట్టి అట్టి వేళ ఫోనులో మీరు మొదట అడుగవలసినది "ఎప్పుడు వచ్చెదవు?" అని కాదు. "నీవున్న చోట అపాయము కలదా? అన్నము నీళ్లు కలవా? తోడెవరున్నారు?" అని అడుగుడు. అపాయము లేదన్నచో "అచ్చటనే యుండుము, మాకు తొందరలేదు" అని చెప్పుడు. ఆ యొక్క మాట వానికి సగము బలము. నీరు పెరుగుచున్నను, మంటలు దగ్గఱకు వచ్చుచున్నను మాత్రము ఊరి మాట యెత్తక, దగ్గఱలోని సురక్షితస్థలమునకు తొలగుమని చెప్పుడు. ఊరికి తరువాత రావచ్చును.

ఇకమీదట మీ యింటినుండి ఎవరు పట్టణమునకు బయలుదేరినను, గడపవద్ద నాలుగు ప్రశ్నలు వేయుడు. రెండవ దారి యేది? జేబులో కాగితమున్నదా? వార్త ఎవరికి తెలిపెదవు? రాత్రి నిలువవలసివచ్చిన ఎచ్చట నిలిచెదవు? నాలుగింటికిని జవాబు వచ్చిన పిమ్మట, నిండుమనస్సుతో "పోయి రమ్ము" అని దీవింపుడు.

సెలవు.