చల్లారిన అన్నము గట్టిపడు టేల?



గత సంవత్సరము ఆళ్లగడ్డలోని మా యింట నొక చిన్న వివాదము జరిగినది. ఉదయము వండిన అన్నమును నేను రాత్రి భుజింపబోగా మెతుకులు గట్టిపడి, వదులైన నా పండ్లకు లొంగలేదు. కోడలు బియ్యము మార్చినదనియో, ఎసరు తక్కువ పెట్టినదనియో తలచి నాలుగు మాటలంటిని. ఆమె బదులు పలుకలేదు. మరునాడు అదే బస్తాలోని బియ్యమును నా యెదుటనే వండి వడ్డించెను. ఆ వేడి అన్నము వెన్నవలె మెత్తగా నుండెను. 35 ఏండ్లు పిల్లలకు సంధులు, సమాసములు బోధించిన నాకు అన్నములోని యీ సంధికార్యము తెలియనే లేదు. అప్పుడు విచారించి తెలిసికొన్న సంగతిని మీకు విన్నవించెదను.

బియ్యములో అధికభాగము పిండిపదార్థము. గ్లూకోజు అను చక్కెర యణువులు వరుసగా గ్రుచ్చబడిన గొలుసులే ఆ పదార్థము. ఈ గొలుసులు రెండు జాతులు. అమైలోజు అనునది ఇంచుమించు కొమ్మలు లేని తిన్నని గొలుసు. అమైలోపెక్టిన్ అనునది సుమారు 20, 25 గ్లూకోజుల కొకసారి కొమ్మ వేయుచు పోవు మహావృక్షము. అది కొమ్మలు గలదని 1940లో కర్ట్ మేయర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు నిరూపించెను.

కొమ్మ యున్న నేమి, లేకున్న నేమి యందురా? జొన్నచొప్పను బండి కెత్తిన వారికి ఇది చెప్పనక్కరలేదు. చొప్పకట్టలు ఒకదాని ప్రక్క నొకటి ఒదిగి, బండి నిండును. తుమ్మకంపను ఎత్తి చూడుడు. ఎంత అదిమినను నడుమ సందులే. అణువులు ఇట్లు క్రమముగా ఒదిగి కూర్చున్న స్థితినే స్ఫటిక మందురు. పటికబెల్లపు పలుకు అట్టిదే. తిన్నని గొలుసులు సులువుగా స్ఫటికమగును. అడ్డదిడ్డముగా కొమ్మలున్నవానికి ఆ కూర్పు కష్టము.

అన్నము ఉడుకునప్పుడు వేడికి గింజలోని పాత కూర్పు చెదరి, నీరు లోపల చొచ్చి, గొలుసులు వదులగును. అందుచే అన్నము మెత్తన. చల్లారుచుండగా అమైలోజు గొలుసులు కొన్ని గంటలలోనే మరల దగ్గరకు చేరి బిగిసికొనును. కొమ్మలుగల అమైలోపెక్టిన్ కూడ చేరును గాని, దానికి దినములు పట్టును. తిరిగి కాచినప్పుడు అమైలోపెక్టిన్ కూర్పు సుమారు 60 డిగ్రీలలోపే విడిపోవును. అమైలోజు కూర్పు మరుగునీటి వేడికిని విడువదు. కావుననే చద్దన్నమును ఆవిరి పట్టించినను క్రొత్త అన్నమంత మెత్తబడదు. ఫ్రిజ్జులో పెట్టిన అన్నము మరింత బిరుసగును. గడ్డకట్టనంతటి చల్లదనము ఈ కూర్పునకు మిక్కిలి అనుకూలము.

మన ప్రాంతమున నంద్యాల సోనా యని పేరుపడిన బియ్యము సాంబ మసూరి, బి.పి.టి. 5204. బాపట్ల పరిశోధనాకేంద్రమున రూపొంది 1986లో విడుదలయినది. దీనిలో అమైలోజు మధ్యస్థము. అందుచే వేడిగా నున్నప్పుడు పొడిపొడిగాను మెత్తగాను ఉండి, చల్లారిన పిదప కొంత బిగియును. అస్సాములో బోరా యను జిగురుబియ్యము కలదు. దానిలో అమైలోజు అత్యల్పము. అది చల్లారినను చాలసేపు మెత్తగానే యుండును. మన పప్పుచారునకు ఆ బియ్యము పనికిరాదని నా యభిప్రాయము.

ఇచ్చట నొక చిక్కు కలదు. వండని బియ్యపుగింజలోని స్ఫటికభాగము ముఖ్యముగా కొమ్మలుగల అమైలోపెక్టిన్‌దే! ఇది విరుద్ధముగా తోచును. కాని గింజ పెరుగునప్పుడు ఆ కొమ్మలు గుత్తులుగా, ఒకే దిక్కునకు పుట్టును. చీపురుకట్టలోని పుల్లలవలె ప్రక్కప్రక్కన పడుకొనును. కనుక కొమ్మ యున్నదా లేదా యనుటతో తీరదు. అది యెచ్చట, ఏ తీరున మొలచినదో చూడవలెను.

ఈ న్యాయము పాలిథీనునకును చెల్లును. 1933లో ఇంగ్లండులో మొదట దొరకినది కొమ్మలుగల జాతి. వేయి కర్బన పరమాణువులకు సుమారు 20, 30 కొమ్మలుండుటచే అది సగము మాత్రమే స్ఫటికమై, మెత్తగా వంగును, సుమారు 110 డిగ్రీలకు కరగును. 1953లో జర్మనీలో జీగ్లర్ కనిపెట్టిన విధానమున కొమ్మలు లేని గొలుసు వచ్చినది. అది గట్టిది, సుమారు 130 డిగ్రీలకు గాని కరగదు. మన పొలములలోని బిరుసైన నల్లని నీటిగొట్టములు ఈ జాతివి. మూలద్రవ్య మొకటే.

మధుమేహము గల పెద్దల కొక మాట. బిగిసిన అమైలోజు కొంతభాగము చిన్నప్రేగులలో జీర్ణము గాదు. అందుచే అమైలోజు హెచ్చుగానున్న బియ్యము, చల్లారిన అన్నము, రక్తములో చక్కెరను కొంత నెమ్మదిగా పెంచును. అయినను అన్నములో మిక్కిలి భాగము జీర్ణమై చక్కెర యగుచునే యుండును. చద్దన్నమని రెండింతలు తిని మందు మానుకొనిన ప్రమాదము. మరియు వండిన అన్నమును వేసవిలో దినమంతయు బయట నుంచినచో విషక్రిములు పెరుగును. వానిలో కొన్నిటి విషము మరల కాచినను పోదు.

మా కోడలితో ఈ సంగతి చెప్పి, నా మాటలకు నొచ్చుకొనవద్దంటిని. ఆమె నవ్వి, ఆ గొలుసుల పేర్లు తనకు తెలియవు గాని, రాత్రికి వేరుగా గుప్పెడు బియ్యము వండుట తెలియునని చెప్పినది. నాటినుండి నాకు రాత్రివేళ వేడి యన్నమే దొరకుచున్నది.