ఎన్నుకొన్న మాతృభూమి
(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బది అయిదు వసంతాలు నిండిన ఈ శుభవేళ మన పిల్లలకు ఒక వైమానిక వీరుని జీవితాన్ని పరిచయం చేయదలచాను. ఆయన పేరు ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్.

1923 జూన్ 9న హైదరాబాదులో జన్మించిన లతీఫ్ నిజాం కళాశాలలో విద్యనభ్యసించారు. 1942లో, పద్దెనిమిదేళ్ల ప్రాయంలో, నాటి భారత వైమానిక దళంలో అధికారిగా చేరారు. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులవి. కరాచీ తీరంలో, పైకప్పు లేని వాపిటి, ఆడాక్స్ విమానాలలో ఎగురుతూ సముద్రంలో శత్రు జలాంతర్గాముల జాడ వెదకడం ఆయన తొలి బాధ్యత. అనంతరం ఇంగ్లండులో హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలపై శిక్షణ పొంది, బర్మా యుద్ధరంగంలో పనిచేశారు.

1947లో దేశంతో పాటు సైన్యమూ విభజింపబడింది. ఏ దేశానికి సేవ చేయాలో ముస్లిం అధికారులు నిర్ణయించుకోవలసి వచ్చింది. బర్మా నాటి మిత్రులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్‌లు లతీఫ్‌ను పాకిస్తాన్ వైమానిక దళానికి ఆహ్వానించారు. తరువాతి కాలంలో ఆ ఇద్దరూ ఆ దళానికి అధిపతులైనారు. మతం వేరు, దేశం వేరు అని లతీఫ్ స్పష్టంగా చెప్పి భారతదేశంలోనే నిలిచారు. ఆయన జన్మస్థలమైన హైదరాబాదు సంస్థానం అప్పటికింకా భారతదేశంలో చేరలేదు. అది చేరినది 1948 సెప్టెంబరులో.

యానాం వాసులమైన మనకు ఈ ఘట్టం కొత్తది కాదు. 1954 నవంబరు 1న మన పరిపాలన భారతదేశానికి సంక్రమించింది. 1962 ఆగస్టు 16న ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు, ఫ్రెంచి పౌరసత్వం కోరుకొనే వారికి ఆరు నెలల గడువు లభించింది. కొందరు ఫ్రాన్సును కోరుకొన్నారు, అధికులు భారతీయులైనారు. ఎవరి నిర్ణయం వారిది. అందులో ఎవరినీ తప్పు పట్టరాదు. అయితే ఎన్నుకొన్న దేశానికి మనమేమి ఇచ్చామన్నది మాత్రం ప్రతి ఒక్కరూ వేసుకోవలసిన ప్రశ్న.

లతీఫ్ తన జీవితమంతా దానికి సమాధానమిచ్చారు. 1971 యుద్ధకాలంలో వాయుసేన ప్రణాళికల విభాగంలో బాధ్యత వహించారు. 1978 సెప్టెంబరు 1న వాయుసేనాధిపతి అయినారు. ఆ పదవినలంకరించిన తొలి ముస్లిం ఆయనే. ఆయన హయాంలోనే, 1979లో, శబ్దవేగాన్ని మించగల జాగ్వార్ విమానాలు మన దళంలో చేరాయి. కప్పులేని విమానంతో మొదలైన ప్రయాణం అంత దూరం సాగింది! ఒకనాడు ఆయన దేశాన్ని నమ్మారు. దేశం కూడా ఆయనను నమ్మి తన ఆకాశాన్ని అప్పగించింది. నమ్మకం ఇరువైపులా ఉన్నప్పుడే జాతి నిలుస్తుంది.

1981లో పదవీ విరమణానంతరం మహారాష్ట్ర గవర్నరుగా, 1985 నుండి 1988 వరకు ఫ్రాన్సులో భారత రాయబారిగా సేవలందించారు. ఒకప్పుడు మనలను పాలించిన దేశంలో స్వతంత్ర భారతానికి ప్రతినిధిగా నిలిచినది మన హైదరాబాదు బిడ్డ కావడం మనకు గర్వకారణం. 2018 ఏప్రిల్ 30న, తొంభై నాలుగేళ్ల వయస్సులో, హైదరాబాదులోనే తుదిశ్వాస విడిచారు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ విమానం వైపు చూసి ఆశపడితే ఆ ఆశను చిన్నచూపు చూడకండి. గణితం, భౌతికశాస్త్రం శ్రద్ధగా చదివించండి. పక్క బల్లపై కూర్చున్న తోటి విద్యార్థి ఏ మతం వాడని అడగకుండా స్నేహం చేయడం నేర్పండి. పూర్వ విద్యార్థులారా, మీరు హైదరాబాదులో ఉన్నా, పారిస్‌లో ఉన్నా, అక్షరాలు దిద్దించిన ఈ బడిని మరువకండి.

జై హింద్.