ఫ్రోజెనా, ఫ్రీజ్ డ్రైడా? కొనే ముందు మీ ఇంటి కరెంట్ సంగతి చూసుకోండి

ఇవాళ చేపల ఫుడ్ గురించి మాట్లాడుకుందాం. అక్వేరియం షాప్‌కి వెళ్తే బ్లడ్‌వార్మ్స్ రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి ఫ్రీజర్‌లో ఎర్రటి ఐస్ ముక్కల్లా ఉండే ఫ్రోజెన్. ఇంకోటి డబ్బాలో ఎండిపోయి ఉండే ఫ్రీజ్ డ్రైడ్. రెండిట్లో పురుగు ఒకటే. తేడా అంతా నీళ్లతోనే.

ముందు రేటు లెక్క చూద్దాం. చిన్న డబ్బాకి అంత రేటా అనిపిస్తుంది కదా? కానీ ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్‌లో దాదాపు 90 శాతం నీళ్లే. అంటే 100 గ్రాముల ప్యాక్‌లో అసలు సరుకు 10 గ్రాముల దగ్గర ఉంటుంది. ఫ్రీజ్ డ్రైడ్‌లో పురుగుల్ని గడ్డకట్టించి, వాక్యూమ్‌లో పెట్టి, ఆ ఐస్ కరగకుండానే ఆవిరైపోయేలా చేస్తారు. కాబట్టి 10 గ్రాముల డబ్బా రేటుని 100 గ్రాముల ఫ్రోజెన్ ప్యాక్ రేటుతో పోల్చండి. అప్పుడే లెక్క కరెక్ట్.

మరి తినిపించడం? ఫ్రోజెన్ మెత్తగా ఉంటుంది, మునుగుతుంది. తిండి దగ్గర మారాం చేసే డిస్కస్ లాంటి చేపలు కూడా తింటాయి. ఫ్రీజ్ డ్రైడ్ పైనే తేలుతుంది, అడుగున తిరిగే కోరీడోరస్‌కి అందదు. ఫైటర్ ఫిష్ పొడిదే ఎక్కువగా మింగేస్తే పొట్ట ఉబ్బే ఛాన్స్ ఉంది. అందుకే ట్యాంక్ నీళ్లలో ఓ పది నిమిషాలు నానబెట్టి వేయండి.

ఇప్పుడు అసలు పాయింట్. మీ ఏరియాలో ఎండాకాలం కరెంట్ గంటలు గంటలు పోతుందా? ఫ్రోజెన్ ఒకసారి కరిగితే బ్యాక్టీరియా పెరుగుతుంది. మళ్లీ గడ్డకట్టినా ఆ బ్యాక్టీరియా అంతా చావదు. మీరు ఊళ్లో లేనప్పుడు కరిగి, మళ్లీ గడ్డకడితే మీకెలా తెలుస్తుంది? ఒక చిన్న కప్పులో నీళ్లు గడ్డకట్టించి, దానిపైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచండి. బిళ్ల లోపలికి దిగిపోయి ఉంటే మధ్యలో ఐస్ కరిగినట్టే. ఆ ప్యాకెట్ పడేయండి. డబ్బులు పోయాయని చూస్తే చేపలు పోతాయి.

షాప్ నుంచి తెచ్చేటప్పుడు కూడా అంతే. మే నెల ఎండలో బైక్ మీద కవర్‌లో వేలాడదీసి తేకండి. థర్మకోల్ బాక్స్‌లో ఐస్ వేసి తెచ్చుకోండి.

ఫ్రీజ్ డ్రైడ్‌కి శత్రువు తేమ. వైజాగ్, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ. మూత గట్టిగా పెట్టండి, తడి చేతులు పెట్టకండి, చిన్న డబ్బానే కొనండి. ముక్క వాసన వస్తే వాడొద్దు.

ఇంకో విషయం, ఇది మీ కోసం. బ్లడ్‌వార్మ్స్ కొందరికి అలర్జీ ఇస్తాయి. కళ్లు దురద, తుమ్ములు, ఒక్కోసారి ఆయాసం కూడా. ఫ్రీజ్ డ్రైడ్ పొడి ముక్కులోకి ఈజీగా వెళ్తుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే దూరంగా ఉంచండి. ఏ రకమైనా స్పూన్‌తో వేసి చేతులు కడుక్కోండి.

ఫైనల్‌గా, కరెంట్ నమ్మకంగా ఉంటే ఫ్రోజెన్ తీసుకోండి. లేదంటే ఫ్రీజ్ డ్రైడ్ నానబెట్టి వేయండి. ఏదైనా వారానికి రెండు మూడు సార్లు చాలు, రోజూ వేసేది మంచి పెల్లెట్సే. ఇవాళే ఆ రూపాయి బిళ్ల టెస్ట్ పెట్టండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం, బై!