ఇంట్లో కాచే లాగర్ బీరు: అందులోని జీవరసాయన శాస్త్రం



ఈనాటి పాఠ్యాంశం మీకు కొంచెం వింతగా తోచవచ్చు. అమెరికాలో చాలామంది తమ వంటింట్లోనే బీరు కాచుకుంటారు. అక్కడ 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉండేది. దాన్ని ఎత్తివేశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి వచ్చింది కానీ బీరుకు రాలేదు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ అడ్డు తొలగింది. అదైనా సొంత వాడకానికే, అమ్మకానికి కాదు. మన రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. కాబట్టి ఇది మీరు ఇంట్లో చేసి చూడవలసిన ప్రయోగం కాదు. అయినా ఈ విషయాన్నే ఎందుకు తీసుకున్నామంటే, ఎంజైములు, కిణ్వప్రక్రియ అని మీరు వేరు వేరు అధ్యాయాలుగా చదివేవి రెండూ ఇందులో ఒకదాని వెంట ఒకటి కళ్ళ ముందు జరుగుతాయి.

కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారిలో చాలామంది కోరేది దుకాణంలో దొరికే లాంటి లాగర్. లేత పసుపు రంగు, తేలికైన రుచి, ఏ ఘాటూ లేదు. అంత సాదా పానీయం చేయడం సులువే అనుకుంటారు. నిజానికి అదే కష్టం. మసాలా దట్టించిన పులుసులో చిన్న తేడా జరిగినా తెలియదు, పలచని చారులో మాత్రం మొదటి గుటకకే తెలిసిపోతుంది. నల్లని, చేదైన బీరుకూ తేలికపాటి లాగర్‌కూ ఉన్న భేదం సరిగ్గా అలాంటిదే.

ముందు మాల్టు అంటే ఏమిటో చూద్దాం. మన ఇళ్ళలో రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి, వేయించి పిండి పట్టిస్తారు కదా! ఆ పిండితో కాచిన జావ మామూలు రాగి జావకంటే పలచగా, కొంచెం తియ్యగా ఉంటుంది. కారణం ఏమిటి? గింజ మొలకెత్తేటప్పుడు, లోపల దాచుకున్న పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చుకోవడానికి అమైలేజ్ అనే ఎంజైములను తయారు చేసుకుంటుంది. బార్లీతో ఇదే పని చేస్తే వచ్చేది మాల్టు. దాన్ని దంచి వేడినీటిలో నానబెట్టడాన్ని మ్యాష్ అంటారు.

మ్యాష్ చేసే శ్రమ లేకుండా, చక్కెర ద్రావణాన్ని ముందే తీసి చిక్కబరచి అమ్మే మాల్టు సారం కూడా దొరుకుతుంది. దాన్ని నీటిలో కలిపి మరిగిస్తే చాలు. మరి మొదలుపెట్టినవారు దానితోనే సరిపెట్టుకోవచ్చు కదా? ఇక్కడే అసలు చిక్కు ఉంది.

అమెరికన్ లాగర్ కేవలం బార్లీతో చేసేది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచి వలస వెళ్ళిన బీరు తయారీదారులకు అక్కడ ఎక్కువగా దొరికింది ఆరు వరుసల బార్లీ. అందులో ప్రోటీన్ ఎక్కువ, ఆ కారణంగా బీరు మసకబారేది. అయితే ఎంజైములు కూడా అందులో ఎక్కువే. వారు బియ్యమో మొక్కజొన్నో కలిపి ప్రోటీన్ పాలు తగ్గించారు. బడ్‌వైజర్‌లో ఇప్పటికీ బియ్యం ఉంటుంది. చౌకదనం కోసమే కలిపారని కొందరు తేలికగా కొట్టిపారేస్తారు కానీ, ఆ మాట సగమే నిజం.

బియ్యంలో పిండి పదార్థం ఉంది, దాన్ని విడగొట్టే ఎంజైము మాత్రం తగినంత లేదు. మాల్టు సారంలో ఉండవలసిన ఎంజైములు చిక్కబరిచే వేడికే చాలావరకు నశించిపోయాయి. ఈ రెంటినీ కలిపితే మిగిలేది గంజి కలిసిన తీపి నీరు. అందుకని సగం దారి ఎంచుకుంటారు. దాని పేరు పార్షియల్ మ్యాష్. చక్కెరలో కొంత భాగాన్ని సజీవమైన ఎంజైములున్న మాల్టుతో తామే తయారు చేసుకుని, మిగతాది సారంతో నింపుతారు.

19 లీటర్ల బీరుకు సుమారు ఒక కిలో మాల్టు, అర కిలో అటుకుల్లా నొక్కిన బియ్యం లేదా మొక్కజొన్న సరిపోతాయి. అటుకులే ఎందుకు? పిండి రేణువులు ఉబ్బి విచ్చుకుంటే తప్ప ఎంజైము వాటిలోకి చొరబడలేదు. బియ్యపు పిండి విచ్చుకోవడానికి మ్యాష్ కంటే ఎక్కువ వేడి కావాలి. అటుకుల తయారీలో ఆ పని ముందే అయిపోయింది. మామూలు బియ్యమైతే మెత్తగా ఉడికించి కలపాలి.

ఈ మిశ్రమాన్ని 65, 66 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గంట ఉంచుతారు. ఆల్ఫా అమైలేజ్ పిండి గొలుసును మధ్యలో ఎక్కడంటే అక్కడ తెంపుతుంది. బీటా అమైలేజ్ చివరల నుంచి మాల్టోజ్ చక్కెరను జంటలుగా విడదీస్తుంది. మొదటిది 70 డిగ్రీల చుట్టుపక్కల చురుకైనది, రెండోది ఆ వేడికి త్వరగా చచ్చిపోతుంది. అందుకే నాలుగైదు డిగ్రీలు పెరిగితే, ఈస్టు తినలేని పెద్ద ముక్కలు ఎక్కువై బీరు బరువుగా తయారవుతుంది.

గంట గడిచాక పని పూర్తయిందో లేదో ఎలా తెలుస్తుంది? ప్రయోగశాలలో మీరు చేసిన పరీక్షే ఇది. పొట్టు రాకుండా ఒక్క చుక్క ద్రావణాన్ని తెల్లని సాసరులో తీసుకుని అయోడిన్ వేస్తారు. నీలి నలుపు వస్తే పిండి మిగిలి ఉందన్నమాట. అయోడిన్ రంగు మారకపోతే అంతా చక్కెరే. పరీక్ష చేసిన చుక్కను పారబోస్తారు.

తరువాత వడగట్టి, సారం కలిపి, హాప్స్ అనే తీగ పూలు వేసి మరిగించి, చల్లార్చడం. ఈ రకానికి చేదు కొద్దిగానే కావాలి కనుక పూలు తక్కువే పడతాయి.

ఇక చలి సంగతి. బవేరియాలో 1553లో వేసవి నెలల్లో బీరు కాచకూడదని శాసనం చేశారు. వేడికి బీరు చెడిపోతుందని వారికి అనుభవంతో తెలుసు, సూక్ష్మజీవుల సంగతి తెలియదు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సన్ లాగర్ ఈస్టును ఒకే కణం నుంచి శుద్ధంగా పెంచి చూపాడు. ఆ ఈస్టు రెండు జాతుల సంకరం. ఒక తల్లి బేకరీల్లో వాడే ఈస్టు జాతే. రెండోది ఏదో చాలాకాలం తెలియలేదు. 2011లో అర్జెంటీనాలోని పాటగోనియా అడవుల్లో, బీచ్ చెట్ల మీది కణుతుల్లో అది దొరికినట్లు ప్రకటించారు. తరువాత టిబెట్‌లోనూ, ఐర్లండ్‌లోనూ కనిపించింది. చలిని తట్టుకునే గుణం లాగర్ ఈస్టుకు ఈ రెండో తల్లి నుంచి వచ్చింది.

ఇడ్లీ పిండి వేసవిలో రాత్రికి రాత్రే పొంగుతుంది, చలికాలంలో తెల్లవారినా పొంగదు. లాగర్ ఈస్టును కావాలనే అలాంటి నెమ్మదిలో ఉంచుతారు, 10 డిగ్రీల దగ్గర రెండు వారాలు. గది ఉష్ణోగ్రతలో వదిలితే ఈస్టు త్వరగా పెరిగి, పండ్ల వాసననిచ్చే ఎస్టర్లను ఎక్కువగా విడుదల చేస్తుంది. పైగా కిణ్వప్రక్రియ ఉష్ణమోచకం. పాత్ర లోపల గదికంటే వేడిగా ఉంటుందన్న సంగతి చాలామందికి తట్టదు. అందుకే అక్కడివారు పాత ఫ్రిజ్‌కు థర్మోస్టాట్ తగిలించి వాడతారు. నన్నడిగితే, ఈ పనిలో ఖర్చు పెట్టవలసిన వస్తువు అదొక్కటే. చలిలో ఈస్టు మందంగా పనిచేస్తుంది కాబట్టి దాన్ని మామూలుకు రెట్టింపు వేయాలి.

చివరలో మరో చిక్కు ఉంది. ఈస్టు వల్ల డైఅసిటైల్ అనే పదార్థం తయారవుతుంది. వెన్న వాసనకు కారణమైన పదార్థమే అది. వెన్నలో బాగుంటుంది, బీరులో వెగటు. దాన్ని మళ్ళీ పీల్చుకునేది కూడా ఈస్టే. అందుకోసం దాన్ని కాస్త మేల్కొల్పాలి. కిణ్వనం ముగింపుకు వస్తుండగా రెండు మూడు రోజులు 16 డిగ్రీలకు పెంచి, ఆ తరువాత సున్నాకు దగ్గరగా దించి కొన్ని వారాలు నిల్వ ఉంచుతారు. జర్మన్ భాషలో లాగర్న్ అంటే నిల్వ చేయడం. బీరుకు ఆ పేరు అలా వచ్చింది.

హైడ్రోమీటర్ రీడింగు మొదట 1.044 చుట్టుపక్కల ఉండి, 1.010కి దిగి, వరుసగా మూడు రోజులు కదలకుండా నిలిస్తేనే సీసాల్లో పోస్తారు. అప్పుడు కూడా కొలిచిన చక్కెరే కలుపుతారు. తినగలిగే చక్కెర ఎక్కువైతే, మూత బిగించిన సీసాలో కార్బన్ డై ఆక్సైడ్ ఒత్తిడి పెరిగి గాజు పగిలిపోతుంది.